ఏడో దెబ్బ

పోర్టు నుంచి నేను తెచ్చుకున్నవాటిలో
తుప్పు పట్టనిది ఇదొక్కటే.

డెబ్బై ఎనిమిది. వాన వెలిసిన సాయంత్రం.
పోలండు ఓడలో వంటవాడు
గేటు బయట టీ బడ్డీ దగ్గర
గోనెసంచిలోంచి తీశాడు నల్లటి పళ్ళెం.
బదులుగా నేనిచ్చింది
ఏటికొప్పాక లక్క ఎద్దుబండి, రెండు సిగరెట్లు.
అట్టమీద లైటుహౌసు, దానికి దుప్పికొమ్ములు.
అక్షరాలకి తోకలున్నాయి, చదవలేను.
అందుకని ఇన్నేళ్ళూ వాళ్ళని
తోకలవాళ్ళనే పిలిచాను.

లండను వాళ్ళని అప్పటికే విన్నాను,
సోల్జర్‌పేటలో రేడియోలు బాగుచేసే ఆల్విన్ కొట్లో.
గొప్పవాళ్ళే, కాదనను.
కానీ వాళ్ళని మెచ్చుకోడానికి లోకం ఉంది.
తోకలవాళ్ళకి
కంచరపాలెంలో నేనొక్కణ్ణే.

ఒక వైపంతా ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు.
పల్లవి వస్తుందని కూర్చుంటే
బయట లంగరేసిన ఓడలా
ఎంతకీ లోపలికి రాదు.
మధ్యలో మెలోట్రాన్.
ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క,
ఎనిమిది సెకన్లకి ఊపిరి అయిపోయే వాద్యం.
వేలెత్తాలి, మళ్ళీ పుట్టించాలి.
ఖనిజం దుమ్ములో మా మేస్త్రీ పైడయ్య
నవ్వితే అలాగే ఉండేది.

పక్కవాటా కొల్లూరి మాస్టారు
మృదంగం పాఠం ఆపి తిట్టడానికొచ్చారు.
గుమ్మంలోనే నిలబడిపోయారు.
ముందు చూపుడువేలు కదిలింది, తర్వాత తల.
"తియ్యకు, తియ్యకు. ఏడురా ఇది.
తకిట తకధిమి. మిశ్రచాపు!
ఈ దొరలకి ఎవరు చెప్పారూ?"

ఆయన చెప్పేదాకా నాకు తెలీదు
నేను ఏడులో ఊగుతున్నానని.

పదకొండో నిమిషంలో వచ్చేది అది.
తకిట తకధి...
మి లేదు.
మళ్ళీ మొదటి త మీదే పడతారు,
చీకట్లో ఒక మెట్టు తక్కువైనట్టు.
మాస్టారు తొడ మీద చరిచారు.
"దొంగ! ఒక మాత్ర ఎగ్గొట్టాడు!
లెక్క తెలిసినవాడికే చేతనవుతుందిరా ఇది."

ఆ ఎగ్గొట్టిన మాత్రని
ఎంతమందికి వినిపించానో.
ఎల్ఐసీ ఏజెంటుకి, గ్యాసు కుర్రాడికి,
పిల్లకి టీకా వెయ్యడానికొచ్చిన నర్సమ్మకి.
"ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది" అంటూ
వాళ్ళ చెప్పులకి అడ్డంగా నిలబడి.

హుద్‌హుద్ కప్పు ఎత్తుకుపోయిన రాత్రి
పళ్ళేన్ని బియ్యం డబ్బాలో దాచాను.
అట్ట పోయింది. కొమ్ముల లైటుహౌసు
సగం బూజై మిగిలింది.
మరుసటేడు మాస్టారు పోయారు.

మొన్న ఆయన మనవరాలు మైథిలి
ఆ సగం అట్టని ఫొటో తీసి
ఫోన్లో తోకలవాళ్ళని పట్టేసింది.
పేరు పలికి వినిపించింది. నాకు నచ్చలేదు.
చెవుల్లో పెట్టింది. దుమ్ము చప్పుడు లేదు,
ఉప్పు చిటపట లేదు,
గాజుగ్లాసులో పోసిన సముద్రం.

పదకొండో నిమిషం.
నా చెయ్యి ముందే పడింది తొడ మీద.
తకిట తకధి
మి.

వచ్చింది. బుద్ధిగా, వరసలో,
రేషన్ క్యూలో ఏడోవాడిలా.
వాళ్ళేమీ ఎగ్గొట్టలేదు.

రాత్రి టార్చి వేసి చూశాను.
వెంట్రుకంత గీత.
అప్పుడు గుర్తొచ్చింది, కొన్న మొదటి వారంలో
కిరండూల్ నుంచి ఖనిజం మోస్తూ
గోడ అవతల గూడ్సు వెళ్తే
చెక్క బీరువా వణికి
ముల్లు కర్రున జారడం.
పగలంతా ఆ ఖనిజమే దింపి వచ్చినవాణ్ణి,
పక్కకి తిరిగి పడుకున్నాను.

ఇవాళ పొద్దున్న మైథిలి అడిగింది:
"తాతగారు చెప్పేవారే, ఆ మాత్ర.
ఫోన్లో ఎంత వెతికినా దొరకదేం?"

"అందులో ఉండదమ్మా" అన్నాను.
పళ్ళెం తీశాను. పంచె కొసతో తుడిచాను.
పది నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
కుక్కర్ రెండుసార్లు కూసింది.
ఆ పిల్ల వేళ్ళు మాత్రం
మోకాలి మీద ఏడు నడుస్తున్నాయి.

తకిట తకధి...

ఒక్క క్షణం ఫోను వంక చూసింది, నా వంక చూసింది.
తర్వాత తొడ మీద చరిచింది,
అచ్చం ఆయనలా.
"దొంగ!" అంది.

ఎవర్నందో అడగలేదు.
గోడ అవతల గూడ్సు వెళ్తోంది.